గోడమీద ముక్కు

బేకరీ వెనకగది,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ చిన్న కూతురు చేతుల పిండి దులుపుకుని పెడుతున్న నమస్కారాలు. ఇక్కడ నేనూ, అన్నయ్యా, వదినా, రెండు పొయ్యిలూ, పిండి పులియబెట్టే తోడు జాడీ అందరం కులాసా. నువ్వూ పిన్నీ ఒకరి మాట ఒకరు వినకుండా అక్కడ హాయిగా ఉన్నారని తలుస్తాను.

అమ్మా, ముందు కూర్చో. నీకు నిలబడి ఉత్తరాలు చదివే అలవాటుంది, ఇది అలా చదివేది కాదు. కంగారు పడకు, మంచి వార్తే. ఆ మంచి వార్తను ఆనుకుని ఇంకో సంగతి కూడా ఉంది, దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను. మూడు రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎవరు కనిపించినా పట్టుకుని ఇదే చెబుతున్నాను. నిన్న గుడ్లు తెచ్చే ఆయనకు మొత్తం కథ వినిపించేసరికి పాపం ఆయన సైకిలు ఎక్కడం మర్చిపోయి నడిపించుకుంటూ వెళ్ళాడు. ఇక మిగిలింది నువ్వే.

నీ పోయిన ఉత్తరం ముందు పెట్టుకుని రాస్తున్నాను. నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. అన్నయ్య మోకాలు నయమైంది, కానీ బస్తాలు మోయాల్సి వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ నొప్పి వస్తోంది, ఆ నొప్పి సంగతి నీకు తెలియంది కాదు. వదిన ఎందుకు ఉత్తరం రాయలేదంటే అలిగింది. నీ మీద కాదు, నా మీద. కారణం మొన్నటిదాకా నాకూ తెలియదు. తెలిశాక నవ్వలేక చచ్చాను, అదీ చెబుతాను. ఇక నీ మూడో ప్రశ్న: "పిన్ని బేకరీకి గ్యాస్ సెన్సర్ పెట్టించాలి, ఇక్కడ అందరూ బజార్లో దొరికే చిన్న డబ్బా చాలంటున్నారు, నువ్వేమంటావు?"

నేనేమంటానా! అమ్మా, ఈ ప్రశ్న కోసమే నేను పుట్టినట్టుంది. చాలదు. చాలదంటే చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే ఇన్ని కాగితాలు తీసుకున్నాను.

తర్వాత నువ్వడిగింది తోడు ఎలా ఉంది, వాసన ఎలా వస్తోంది అని. ఆ కింద ఆఖరి పేరాలో రాసిన మాట ఇప్పటికి చాలాసార్లు చదువుకున్నాను. పిన్ని బేకరీ నిలబెట్టి వచ్చేస్తానని వెళ్ళినదానివి, ఇక అక్కడే ఉంటానని రాశావు. "పొయ్యి పెత్తనం ఇంక నీదే. మీ అన్నయ్యకు చేతులున్నాయి, నీకు ముక్కుంది. రొట్టెకు కావలసింది ముక్కు" అన్నావు. ఈ రెండింటికీ జవాబు చివర్లో. ముందు సెన్సర్.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకు నేనే పట్టుబట్టాను, బేకరీలో గ్యాస్ కనిపెట్టే మిషన్ ఏదైనా పెట్టాల్సిందేనని. అన్నయ్య ముక్కున వేలేసుకున్నాడు. "నువ్వుండగా మిషనెందుకే? గ్యాసు తనంతట తాను బయటికి రాకముందే పసిగడతావుగా!" అన్నాడు. "అమ్మ లేదు కదా, ఒకటుంటే మంచిది" అన్నాను. సరేనని బజారుకెళ్ళి తెల్లటి డబ్బా ఒకటి తెచ్చి పొంగుగది పక్కన ప్లగ్గులో గుచ్చాడు. మర్నాడు తెల్లారుతూనే పొంగిన పిండి ట్రేలు బయటికి తీద్దామని ఆ గది తలుపు తెరిచామో లేదో, కుయ్యోమని ఒకటే గోల. వాల్వులు కట్టేశాం, కిటికీలు తెరిచాం, వదిన నైటీ మీద దుప్పటి కప్పుకుని వీధిలోకి పరిగెత్తింది. చూస్తే ఏమీ లేదు. మర్నాడు మళ్ళీ అదే టైముకి అదే గోల. ఆ మర్నాడూ అంతే. అన్నయ్య దానికి ఏడుపుగొట్టు అని పేరు పెట్టి, పీకి, సొరుగులో పారేశాడు.

అప్పుడు దొరికాడమ్మా సెన్సర్లాయన. పై వీధిలో చిన్న షాపు. మనిషి సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో సబ్బునీళ్ళ సీసాతో ఉంటాడు. గొట్టాల అతుకుల మీద ఆ నీళ్ళు చిమ్మి బుడగలొస్తాయేమో చూస్తాడు. అందుకని వదిన ఆయనకు సబ్బునీళ్ళాయన అని పేరు పెట్టింది. ఏడుపుగొట్టును చూడగానే నవ్వాడు. "పిండి పులిసేటప్పుడు దాంట్లోంచి కొంచెం ఆల్కహాల్ ఆవిరి వస్తుందమ్మా. ఈ చవక రకానికి గ్యాసూ ఒకటే, ఆ ఆవిరీ ఒకటే. ఆఖరికి మేడంగారు కొట్టుకున్న సెంటూ ఒకటే. ఏది తగిలినా ఏడుస్తుంది. తప్పు దానిది కాదు, బేకరీలో పెట్టిన మీది" అన్నాడు. వదిన కొత్త సెంటు సంగతి ఆయన పట్టేశాడని వదిన ముఖం వెలిగిపోయింది. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అమ్మా, ఆయన ధర మాట ఎత్తలేదు. ముందు అడిగినవి మూడే. ఏ గ్యాసు కోసం? ఎక్కడ పెడతారు? ఆ గదిలో ఇంకా ఏమేం ఉంటాయి? చెప్పులు కొనేటప్పుడు ముందు కాలు చూడమూ, అలాగన్నమాట. "సెన్సర్ మంచిదా చెడ్డదా అని అడక్కండి. మీ గదికి మంచిదా కాదా అని అడగండి" అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. పిన్నికి కూడా చెప్పు, షాపువాణ్ణి అడిగే ముందు తన గదిని తాను అడగమను.

మన అన్నయ్య అప్పటికే క్యాలెండర్ పక్కన తల ఎత్తులో మేకు కొట్టేశాడు, అందరికీ కనబడుతుందని. సబ్బునీళ్ళాయన ఆ మేకు చూసి, "మీ సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువండీ. నేల మీద పాకుతుంది. ఇది ఇక్కడుంటే గ్యాసు మీ మెడ దాకా నిండాక అరుస్తుంది, అప్పుడు వినడానికి ఎవరూ ఉండరు" అన్నాడు. అన్నయ్య ఊరుకుంటాడా! "కింద పెడితే కడిగేటప్పుడు నీళ్ళు పడతాయి, పిండి దుమ్మంతా నేల మీదే ఉంటుంది, మీకేం తెలుసు బేకరీ సంగతి?" అని నిలదీశాడు. ఆయన తల గోక్కుని, నిజమే అన్నాడు. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని చాలాసేపు వాదించుకున్నారు. చివరికి పొయ్యిల వెనక, మోకాలి కింద ఎత్తున, పైన చిన్న రేకు చూరు దించి పెట్టారు. ఆ రేకు అన్నయ్యే పాత ట్రే కోసి చేశాడు. ఫ్యాను గాలి నేరుగా తగలని చోటు, తలుపు చాటు కాని చోటు చూశారు.

ఆయన తెచ్చిన రెండో సెన్సర్ లోపల చిన్న పూస ఉంటుంది. గ్యాసు తగిలితే ఆ పూస మీద అది సన్నగా మండి, పూస వేడెక్కుతుంది, ఆ వేడిని బట్టి గ్యాసు ఎంతుందో తెరమీద అంకె చూపిస్తుంది. పిండి ఆవిరికి ఊరికే ఏడవకుండా ఆయన దాన్ని సరిచేసి పెట్టాడు. చిన్న సిలిండర్‌లోంచి కొలిచిన గ్యాసు దాని మూతికి పట్టిస్తే కెవ్వుమంది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. వెళ్ళేముందు ఆయన ఒక ప్రశ్న అడిగాడు, ఇది గుర్తు పెట్టుకో: "ఇక్కడ సిలికాన్ ఉన్నవి ఏమైనా వాడతారా? స్ప్రే, పాలిష్, గ్రీజు లాంటివి? ఈ పూసకు అది పడదు." మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అబ్బే, అలాంటివేం లేవండీ. రొట్టె కాల్చే టిన్నులకు నూనె రాస్తాం, అంతే" అన్నాం.

కొన్ని వారాలకు పరీక్ష చేయడానికి మళ్ళీ వచ్చాడు. గ్యాసు పట్టించాడు. తెరమీద సున్నా. మళ్ళీ పట్టించాడు. సున్నా. పచ్చలైటు మాత్రం నిండు నూరేళ్ళు బతికేదానిలా చక్కగా వెలుగుతోంది! ఆయన ముఖంలో రంగు మారిపోయింది. "ఇది చచ్చిపోయిందమ్మా. ఎప్పుడు పోయిందో తెలీదు" అన్నాడు. అన్నాళ్ళూ ఆ పచ్చలైటును చూసుకునే మేం ధైర్యంగా ఉన్నాం. మళ్ళీ అడిగాడు సిలికాన్ గురించి. లేదంటే లేదన్నాం. ఆయన దాన్ని ఊడదీసి, తలకాయ ఊపుకుంటూ పట్టుకెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం నేను అలమారలోంచి స్ప్రే డబ్బాలు తీస్తున్నాను. టిన్నులకు కొట్టేది, బన్నుల మీద మెరుపుకు కొట్టేది, రెండూ ఒకే రకం డబ్బాలు. ఏది ఏదో తెలుసుకోవడానికి పేర్లు చదువుతున్నాను. ఎన్నేళ్ళుగానో వాడుతున్న డబ్బాల మీద పేర్లు చదవడమేమిటి అంటావు, అదీ చెబుతాను. చదువుతున్నానా, టిన్నులది తిప్పి చూస్తే వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో ఏముందో తెలుసా? సిలికాన్!

అమ్మా, నేను అరిచిన అరుపుకి వదిన చిల్లర పడేసుకుంది. ఆ డబ్బా పట్టుకుని, ఏప్రన్ విప్పకుండా, మోచేతుల దాకా పిండితో పై వీధి దాకా పరిగెత్తాను. సబ్బునీళ్ళాయన షాపు తెరుస్తున్నాడు.

"దొరికిందండీ! సిలికాన్!"

"లేదన్నారుగా?"

"ఇది టిన్ను నూనె!"

ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పాడు. "ఇది నూనె కాదు కదమ్మా."

"కాదండీ. కానీ మా ఇంట్లో దీన్ని నూనే అంటాం!"

"మరి మీ ఇంట్లో నూనెనేమంటారు?" అన్నాడు. ఇద్దరం ఆ వీధిలో నిలబడి పడీపడీ నవ్వాం.

తప్పు నీదేనమ్మా, తల్లీ. నా చిన్నప్పుడు కుంచెతో నూనె రాసేవాళ్ళం, చెయ్యి నొప్పి పుడుతోందని నువ్వే ఈ స్ప్రే తెచ్చావు. "ఆ టిన్ను నూనె అందుకోండి" అని అలవాటు కొద్దీ అనేదానివి. వస్తువు మారింది, పేరు మారలేదు. రోజూ పొద్దున్నే మనమే ఆ పూస మీద సన్నటి పొర కప్పి, దాని ఊపిరి ఆపేశాం. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. మేం చెప్పిన జవాబూ అబద్ధం కాదు. మధ్యలో మన ఇంటి మాట ఒకటి అడ్డం పడుకుంది. కాబట్టి పిన్నికి చెప్పు, అలమారలో ఉన్న ప్రతి డబ్బా బయటికి తీసి, ఇంట్లో పిలిచే పేరు కాకుండా డబ్బా మీద ఉన్న పేరు చదవమను.

ఇక మూడోది. ఇదే అసలు హీరో. దీంట్లో పూసా లేదు, మంటా లేదు. ఒక పక్కనుంచి కంటికి కనపడని కాంతి ఇంకో పక్కకు పోతుంది. మధ్యలో గ్యాసు వస్తే కొంత కాంతిని మింగేస్తుంది, ఎంత తగ్గిందో చూసి ఎంత గ్యాసుందో చెబుతుంది. సిలికాన్ దీన్నేమీ చేయలేదు. పిండి దుమ్ముకు మాత్రం మూతి దగ్గర జల్లెడ మూత పెట్టాలి, ఆ మూత తుడుస్తూ ఉండాలి. సబ్బునీళ్ళాయన నిజాయితీపరుడు. "మీరు స్ప్రే మానేసి మళ్ళీ కుంచెతో నూనె రాస్తే పూస రకం కూడా చాలు. ఇది ఖరీదు" అన్నాడు. అన్నయ్య పూస వైపే మొగ్గాడు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఇది చచ్చిపోతే ఏం చేస్తుంది?"

"లోపల లైటు పోయినా, అద్దం మూసుకుపోయినా తనే చెబుతుందమ్మా, నేను పనిచేయట్లేదని ఎర్రలైటు వేసుకుంటుంది."

"అయితే అదే కావాలి" అన్నాను. నా గొంతు ఎందుకో కొంచెం పెద్దదైంది. అన్నయ్య నావైపు వింతగా చూసి, సరే, నీ ఇష్టం అన్నాడు.

పొయ్యి సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం ఇది పనికిరాదు. దానికి వేరే సెన్సర్, లోపల చిన్న బ్యాటరీలాంటి మందు ఉండేది. అది మనిషి ముక్కు ఎత్తులో పెట్టించాం. పిన్నికి అదీ కావాలి. దానికీ పులిసిన పిండి ఆవిరి పడదు, బొగ్గు వడపోత ఉన్నది అడిగి తీసుకోమను. కొన్నేళ్ళకు లోపలి మందు అయిపోతుంది, అప్పుడు బతిమాలినా పనిచేయదు, మార్చేయాలి. ఇంకో మాట, ఎవరో ఒక తెలివైనవాడు వచ్చి సిగరెట్ లైటర్‌తో సెన్సర్‌ను పరీక్షిస్తానంటాడు. వాణ్ణి బయటికి పంపించమను.

అన్నయ్య కొత్తదానికి చిన్న ముక్కు అని పేరు పెట్టాడు. పెద్ద ముక్కు నేనట.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే జరిగింది. తెల్లారుతోంది. పొంగుగది నిండా ట్రేలు, స్కూలు వాళ్ళ పెద్ద ఆర్డరు. మొదటి పొయ్యి వేడెక్కింది. రెండోది వెలిగించడానికి అన్నయ్య వంగబోతున్నాడు. కింద నుంచి చిన్న ముక్కు ఒక్కసారిగా కెవ్వుమంది. పెట్టిన తర్వాత అది నోరు తెరవడం అదే మొదటిసారి.

అన్నయ్య నవ్వాడు. "ఇదీ మొదలెట్టింది! మళ్ళీ పిండేలే" అన్నాడు. ఆ రోజు అన్నయ్యకు జలుబు, ముక్కు దిబ్బడ. వదిన ముందు గదిలో ఉంది. గ్యాసు కట్టేస్తే పొంగిన పిండంతా కూలిపోతుంది, స్కూలు వాళ్ళకు మాట పోతుంది. "నువ్వొకసారి వంగి వాసన చూడవే ముక్కూ. నువ్వు గ్యాసంటే కట్టేద్దాం, పిండంటే కానిద్దాం" అన్నాడు. అన్నయ్య చేతిలో లైటర్ ఉంది.

అమ్మా, నేను వంగాను. నేల దాకా వంగి, గట్టిగా ఊపిరి పీల్చాను. ఏమీ లేదు.

ఏమీ ఉండదు. వానలప్పుడు జ్వరం వచ్చిందని రాశాను, తగ్గిందని రాశాను, గుర్తుందా? జ్వరం తగ్గింది. అది పోతూ పోతూ నా వాసన పట్టుకుపోయింది. నాలుగు నెలలైంది. రొట్టె కాలినా తెలియదు, పాలు విరిగినా తెలియదు. వానకు తడిసిన మట్టి కూడా ఉత్త మట్టే. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ తోడు వాసన ఎలా ఉందని అడుగుతావు, నేను ప్రతిసారీ బాగా పొంగుతోందని రాస్తాను. చూసుకో కావాలంటే, ఒక్క ఉత్తరంలోనూ నేను వాసన మాట రాయలేదు. మిషన్ కోసం ఎందుకంత పట్టుబట్టానో, డబ్బాల మీద పేర్లు ఎందుకు చదివానో ఇప్పుడు తెలిసిందా? ఆ చచ్చిన సెన్సర్ పచ్చలైటు వేసుకుని గోడమీద కూర్చున్నట్టే, నేనూ ఈ బేకరీలో ముక్కునని కూర్చున్నాను. ఆ రోజు తెరమీద సున్నా చూసినప్పుడు నాకు భయం వేసింది దాన్ని చూసి కాదు, నన్ను చూసుకుని.

వంగినదాన్ని వంగినట్టే ఉండి, చిన్న ముక్కు తెర చూశాను. అంకె పెరుగుతోంది. లేచి నిలబడ్డాను.

"అన్నయ్యా, లైటర్ జేబులో పెట్టెయ్. నా ముక్కు పనిచేయట్లేదు. ఎప్పట్నుంచో. నన్నడక్కు. అది చెప్పిందే నిజం" అన్నాను.

మళ్ళీ అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఒక్క అంగలో వెళ్ళి మొదటి పొయ్యి ఆర్పాడు. నేను బయటికి పరిగెత్తి సిలిండర్ల దగ్గర పెద్ద వాల్వు కట్టేశాను. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు బార్లా తెరిచి ముగ్గురం వీధిలో పడ్డాం. కబురు వెళ్ళగానే సబ్బునీళ్ళాయన చెప్పులు లేకుండా వచ్చాడు. గదంతా గాలాడాక లోపలికెళ్ళి, రెండో పొయ్యి వెనక గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు చిమ్మి, కొంచెం గ్యాసు వదిలాడు. బుడగలమ్మా! ద్రాక్షగుత్తిలా బుడగలు! రబ్బరు గొట్టం మడత దగ్గర పగిలింది. గ్యాసు నేలంతా పాకి, పొయ్యి కింద చేరింది. మంట మొదటి పొయ్యిలో ఎత్తున ఉంది కాబట్టి సరిపోయింది. అన్నయ్య ఆ రెండోది వెలిగించి ఉంటే ఈ ఉత్తరం రాసేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు.

అన్నయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. కోపంగా కాదు. నేను నీ ఉత్తరం తీసి ఆ ఆఖరి పేరా చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు. "నాలుగు నెలలుగా నువ్వు కాల్చిన రొట్టెలే తింటున్నాను. ఒక్కరోజూ తేడా తెలీలేదు నాకు" అన్నాడు. "నీకు జలుబు" అన్నాను. "నాలుగు నెలలు జలుబుంటుందా?" అని నెత్తిన మొట్టాడు. అప్పుడు ఏడ్చాను, వీధిలోనే. వీధి అవతల నిలబడ్డ వదిన పరిగెత్తుకొచ్చి సంగతి విని, నన్ను గట్టిగా పట్టుకుని, "అందుకా! అందుకా నా కొత్త సెంటు గురించి ఒక్క మాట కూడా అనలేదు! నీకు నచ్చలేదేమో అని నెలనుంచీ నీతో మాట్లాడటం మానేశాను కదే!" అని తనూ ఏడ్చింది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. అలక కారణం అదన్నమాట.

డాక్టరు దగ్గరికి అన్నయ్యే తీసుకెళ్ళాడు. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, రోజూ నాలుగు రకాల వాసనలు చూస్తూ ముక్కుకు గుర్తు చేస్తూ ఉండమన్నాడు డాక్టరు. వదిన సీసాల్లో లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ పొడి పెట్టిచ్చింది. నాలుగోదాంట్లో తన సెంటు పోసింది, ఇంకేం పోస్తుంది!

నాకు బాధ లేదని చెప్పను. కానీ అమ్మా, మూడు రోజులుగా బాధకన్నా సంతోషమే పైచేయిగా ఉంది. ముగ్గురం బతికి ఉన్నాం! నేను ఎంచిన సెన్సర్ సరైనది! వాసన తెలియని మనిషి వాసన కనిపెట్టేదాన్ని ఎంచి, ఒక బేకరీని నిలబెట్టుకుంది. ఈ మాట పదిమందికి చెప్పాలని నాలుక దురద పెడుతోంది.

ఇక నువ్వడిగినదానికి జవాబు. తోడు వాసన ఎలా ఉందో నాకు తెలియదు. జాడీకి రబ్బరు బ్యాండు వేసి ఎంత పొంగుతోందో చూస్తాను. పిండిని వేలితో నొక్కి చూస్తాను, రొట్టె అడుగున తట్టి చప్పుడు వింటాను, రంగు చూస్తాను. ఇవన్నీ నువ్వు నేర్పినవే, ముక్కుండగా వీటిని పెద్దగా లెక్కచేయలేదు. పొయ్యి పెత్తనం నాకిచ్చింది ముక్కు చూసి కదా. ఆ ముక్కు ఇప్పుడు లేదు. పొయ్యి నాకు కావాలి. చాలా కావాలి. కానీ పచ్చలైటు వేసుకుని కూర్చుని దాన్ని తీసుకోను.

అందుకని ఉత్తరంతో పాటు ఒక డబ్బా పంపుతున్నాను. ఆ రోజు వీధిలో మేం నిలబడ్డప్పుడు పొంగుగదిలో కూలిపోయిన పిండే. స్కూలుకు అన్నయ్య వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి మర్నాటికి గడువు తెచ్చుకున్నాడు. కూలిన పిండిని పారేయబుద్ధి కాలేదు. కొత్త గొట్టం వేశాక దాన్నే మళ్ళీ పిసికి, కాల్చి, కోసి, రస్కులు చేశాను. మొదట్నుంచి చివరిదాకా నేనొక్కదాన్నే. అన్నయ్యనూ వదిననూ గదిలోకి రానివ్వలేదు, వేడి చల్లారగానే మూత బిగించేశాను. వాటి వాసన ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పిన్నిని ఏదో పని మీద బయటికి పంపించు. మూత నువ్వే తియ్యి. ఏ వాసన వస్తే అదే రాయి. మాడు వాసన వస్తే మాడు అని రాయి, పులుపు ఎక్కువైతే ఎక్కువైందని రాయి, కూతురు కదా అని జాలిపడకు. పొయ్యి అన్నయ్యకు ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను. అలుగుతాను, వదినను మించి అలుగుతాను, కానీ ఇచ్చేస్తాను.

ఒకవేళ బాగుంటే మాత్రం బాగుంది అని ఒక్క ముక్కలో తేల్చేయకు. మొదట ఏ వాసన వచ్చింది, తర్వాత ఏది, మూత వేశాక చేతులకు ఏది మిగిలింది, అన్నీ వివరంగా రాయి. ఎంత పెద్ద ఉత్తరమైనా ఫరవాలేదు. మన రొట్టె వాసన ఎలా ఉంటుందో నేను మర్చిపోతున్నానమ్మా.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా పొయ్యిని కనిపెట్టుకుని ఉండే
నీ చిన్న కూతురు.